రెప్పపాటు ఆలస్యం

తీగ లాగితే డొంకంతా కదులుతుందని సింధూరకి తెలియక కాదు. తీగ లాగుతూ డొంక కదలకుండా చూడడమే ఆమె ఉద్యోగం. కాకినాడ రేవుకి దగ్గర్లో ఉన్న ఆ ప్రయోగశాలలో, నరాల్లోంచి వచ్చే కబురు విని కదిలే కృత్రిమ చేతులు తయారు చేస్తారు. వాటి పేరు 'ఆసరా'. చేతులు తయారు చెయ్యడం ఒక ఎత్తయితే, తయారై ఊళ్లు పట్టిపోయిన చేతుల బాగోగులు చూడడం ఇంకో ఎత్తు. ఆ రెండోది సింధూర నెత్తిన పడింది.

చెయ్యి లోపల, మణికట్టు దగ్గర, చింతగింజంత కంప్యూటర్ ఒకటి ఉంటుంది. దాన్ని నడిపేది లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం, అందులోనూ పాతది. దాన్ని రాసినవాళ్లే దాన్ని మర్చిపోయి చాలాకాలమైంది. అయినా పాపం, తన పని తాను చేసుకుపోతోంది. పనిచేస్తున్నదాని జోలికి పోకూడదన్నది భుజంగరావు గారి సిద్ధాంతం. ఆసరా చేతిని కనిపెట్టింది ఆయనే, ప్రయోగశాలకి పెద్దా ఆయనే. అందుకని ఎవరూ పోలేదు.

తుని వైపు ఒకాయన ఆసరా చేత్తో మోపెడ్ నడుపుతుంటే, బ్యాటరీ తగ్గి పిడికిలి బిగుసుకుపోయింది. యాక్సిలరేటర్ని పట్టుకున్న చెయ్యి పట్టుకున్నట్టే ఉండిపోయింది. బండి వెళ్లి కల్వర్టుకి కొట్టుకుంది. కాలు విరిగి ప్రాణం దక్కింది. లోపం పాత లైనక్స్‌లోనే ఉంది. దాన్ని సరిచేసిన కొత్త రూపం ఏనాడో వచ్చింది కూడా.

"ఇంక తప్పదండీ. అన్ని చేతుల్నీ కొత్తదానికి మార్చాలి" అంది సింధూర.

భుజంగరావు గారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. ప్రయోగశాలకి పంచె కట్టుకొచ్చే శాస్త్రవేత్త ఆయనొక్కరే. "మార్చు. కానీ ఒకటి మార్చబోయి పది విరగ్గొట్టకు. నూకరత్నం చెయ్యితో మొదలుపెట్టు. మన మొదటి చెయ్యి అదే. దాంట్లో నిలబడితే ఎక్కడైనా నిలబడుతుంది" అన్నారు.

పాత లైనక్స్ అంటే ఉమ్మడి కుటుంబం. ఏ ప్రోగ్రామూ ఒంటరిగా బతకదు. వేళ్లు కదిపేది ఒక లైబ్రరీ మీద, అంటే ప్రోగ్రాములన్నీ అరువు తెచ్చుకునే పనిముట్ల పెట్టె మీద, ఆధారపడుతుంది, ఆ లైబ్రరీ ఇంకోదాని మీద, అది మరోదాని మీద. పెద్దకోడలు పుట్టింటికెళితే పెరుగు తోడు పెట్టేవాళ్లు ఉండరు, పెరుగు లేకపోతే మావగారు అన్నం ముట్టరు, ఆయన ముట్టకపోతే ఇంట్లో ఎవరూ ముట్టరు. అలాంటి ఇంట్లో ఒక్కొక్కరినే పక్కకి జరిపి, వాళ్ల చోట కొత్తవాళ్లని కూర్చోబెట్టి, ఎవరికీ పూట తప్పకుండా చూసుకోవాలి. సింధూర నెలల తరబడి అదే పని చేసింది. ముందు ప్రయోగశాలలోని నకలు చేతుల మీద చేసింది. ఒకటి మార్చడం, పరీక్షించడం, పాడైతే వెనక్కి రావడం, మళ్లీ ఇంకో దారిలో రావడం. ఓపికకి బహుమతులుంటే ఆమెకే ఇవ్వాలి.

చివరికి ఒక చిన్న లైబ్రరీ మిగిలింది. నరాల కబురులో కలిసి వచ్చే రొదని వడగట్టేది అది. పాతకాలపు సరుకు. వడగట్టడానికి రెప్పపాటు కాలం తీసుకునేది, ఆ తరవాతే చెయ్యి కదిలేది. కొత్తది వడగడుతూనే కదుపుతుంది. ప్రోగ్రాములన్నీ కొత్తదానికి మారిపోయాక పాతదాని గురించి కంప్యూటర్ని అడిగితే, దీని మీద ఆధారపడినవి ఏవీ లేవు అని జవాబిచ్చింది. అలాంటి వాటిని ఈ వృత్తిలో అనాథలంటారు. ఊరికే చోటు తింటాయి, రేపెప్పుడో కొత్త తలనొప్పి తెస్తాయి. అనాథని తీసేయమంటూ సింధూర ఒక్క మీట నొక్కింది. ఆ రోజు ఆమెకి అది తప్పనిపించలేదు. అనిపించే అవకాశమే లేదు.

నూకరత్నం ఉప్పాడ నుంచి తోడికోడలు నాగవేణిని వెంటబెట్టుకుని వచ్చింది. ఇద్దరూ జాందానీ చీరలు నేస్తారు. ఒకే మగ్గం మీద ఇద్దరూ పక్కపక్కనే కూర్చుంటారు, కుడివైపు నూకరత్నం, ఎడమవైపు నాగవేణి. ఎనిమిదేళ్ల కిందట ఆటో బోల్తాపడి నూకరత్నం కుడిచెయ్యి మోచేతి కింద నుంచి పోయింది. అప్పుడు భుజంగరావు గారు తన మొదటి ఆసరా చెయ్యిని ఆమెకి తొడిగారు. పీట మీంచి లేవకుండా ఏడాది సాధన చేసి ఆ చేత్తోనే మళ్లీ నేత పట్టింది. ఇనప మనిషి.

అప్‌గ్రేడ్ అయ్యాక సింధూర పరీక్షలు మొదలుపెట్టింది. గ్లాసు ఎత్తడం, సూదిలో దారం ఎక్కించడం, గుడ్డు పగలకుండా పట్టుకోవడం, దొర్లిపోతున్న గోళీని ఆపడం. పాత చెయ్యి ఎన్నడూ ఆపలేకపోయిన గోళీని ఈ చెయ్యి మొదటిసారికే ఒడిసిపట్టింది.

"ఓలమ్మో!" అంది నూకరత్నం తన చేతిని తనే చూసుకుంటూ. "నేను అనుకునేలోపే అయిపోతందండి. ఇది నా చెయ్యేనంటారా?"

"మీదే. ఇన్నాళ్లూ కొంచెం బద్ధకంగా ఉండేది, అంతే."

నూకరత్నం కాసేపు ఆలోచించి, జడ విప్పేసింది. రెండు చేతులూ తల వెనక్కి పెట్టి, మూడు పాయలు తీసి, చకచకా అల్లుకుంది. చివర రబ్బరుబ్యాండు కూడా తనే బిగించుకుంది. ఎనిమిదేళ్లుగా ప్రతి ఉదయం ఆమెకి జడ వేస్తున్నది నాగవేణి. ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడిన నాగవేణి ఆ జడని చూసి చప్పట్లు కొట్టింది.

"ఇంక నా పీడ ఒదిలిందక్కా నీకు! ఎనిమిదేళ్లు నీ తల పీకి పీకి పెట్టాను" అని నవ్వింది. నవ్వాక చేతిలో ఉన్న దువ్వెనని సంచిలో పెట్టుకుంది. సింధూర అది చూసింది కానీ పట్టించుకోలేదు. పరీక్షలన్నీ నెగ్గిన రోజు ఎవరైనా దువ్వెనల గురించి ఆలోచిస్తారా?

మిగిలిన చేతులు కూడా ఒక్కొక్కటే మారాయి. తుని ఆయన కుంటుతూ వచ్చి చెయ్యి మార్పించుకుని, తిట్టకుండా వెళ్లాడు. భుజంగరావు గారు జీడిపప్పు పకోడీ తెప్పించారు. ఆయన మెచ్చుకోలుకి అంతకు మించిన రూపం లేదు.

కొన్నాళ్లకి నాగవేణి ఫోన్ చేసింది.

"మేడంగారండీ, మా అక్క చెయ్యి బెమ్మాండంగా ఉందండి. నాకే ఏదో అయ్యింది."

"ఏమయ్యింది?"

"నేత కుదరట్లేదండి. ఏళ్లబట్టి నేసిన నేతే. అక్క నాడె ఇసురుతుంది, నేను అందుకోలేపోతన్నాను. డాక్టరుకి చూపించుకున్నానండి, నరాలు బాగానే ఉన్నాయన్నాడు. నరాల సంగతి మీకూ తెలుసు కదాని చేశాను. అక్కకి చెప్పకండి, ఏం?"

ఆమె గొంతులో ఏడుపు లేదు. తప్పు చేసి దొరికిపోయిన మనిషి భయం ఉంది. అది విని సింధూర మర్నాడే బస్సెక్కింది.

ఉప్పాడలో సముద్రం రోడ్డుని కొరుక్కుతింటూ ఉంటుంది. వాళ్ల వీధి కాస్త లోపలికి ఉంది. అటూ ఇటూ ఇళ్లలోంచి మగ్గాల చప్పుడు వస్తోంది. నూకరత్నం ఇంట్లోంచి మాత్రం రావడం లేదు. ముందుగదిలో, గోతి మగ్గం మీద, సగం నేసిన ఆకుపచ్చ చీర ఉంది. దాని మీద మామిడిపిందెల బుటాలు. పిందెకి కుడి సగం నూకరత్నం నేస్తుంది, ఎడమ సగం నాగవేణి. ఒక వరస నెయ్యగానే దారం ఉన్న నాడెని నూకరత్నం కుడివైపు నుంచి విసిరితే, నాగవేణి ఎడమవైపు అందుకుని, పలక లాగి బిగించి, తిరిగి విసరాలి. పాత పిందెలు ముచ్చటగా ఉన్నాయి. కొత్త పిందెల రెండు సగాలూ కలవలేదు. ఒక సగం బిగువు, ఒక సగం వదులు. చూడగానే తెలుస్తోంది.

"కూర్చోండమ్మా" అంటూ నూకరత్నం కుర్చీ వేసింది. మజ్జిగ తెచ్చిచ్చింది, గ్లాసు తొణకలేదు. "దీనికేదో దిష్టి తగిలిందండి. మనిషి ఇక్కడే ఉంటాది, మనసు ఉండదు."

నాగవేణి ఎడమచేతి చూపుడువేలికి గుడ్డ చుట్టి ఉంది. నాడె మొన తగిలి గోరు చిట్లిందట.

నూకరత్నం వంటగదిలోకి వెళ్లాక, నాగవేణి గొంతు తగ్గించి అంది. "మా ఆయనకి సూరత్‌లో మిల్లు పనుందండి. ఇద్దరం పోదాం రమ్మని ఎన్నాళ్లనుంచో పోరు. మగ్గం ఉంది, అక్కకి జత నేనే, నేను రాను అని నెట్టుకొత్తన్నాను. ఇప్పుడు ఈ నేతే కుదరాపోతే నేనిక్కడుండి ఏం చెయ్యను? అక్కేమో జడ కూడా తనే ఏసుకుంటంది. సంతోషమేననుకోండి."

సంతోషమేననుకోండి అన్న మాట సింధూర గుండెలో గుచ్చుకుంది. పరీక్షల్లో తప్పిపోయింది ఏదో ఇక్కడ ఉంది, కానీ అదేమిటో తెలియలేదు. ఆ రోజంతా అక్కడే కూర్చుని వాళ్లు నేస్తుంటే చూసింది. నాడె వెళుతుంది, నాగవేణి చెయ్యి వెనక పడుతుంది. ఒక్కోసారి నాగవేణి కంగారుపడి ముందే చెయ్యి చాస్తుంది, అప్పుడు నాడె ఇంకా రాదు. చెయ్యి వేగం పెరిగింది కాబట్టి నాగవేణి వెనకపడుతోందనుకుంటే, ముందు పడడం ఎందుకు? ఇన్ని వారాలైనా ఆ వేగానికి అలవాటు పడకపోవడం ఎందుకు?

కాకినాడ వెళ్లి, బీరువాలోంచి మార్చని పాత చేతిని ఒకదాన్ని తీసి, మర్నాడు మళ్లీ వచ్చింది. అందులో పాత లైనక్స్, పాత వడపోత అలాగే ఉన్నాయి. నూకరత్నానికి తొడిగింది. "రెండు రోజులు దీంతో నెయ్యండి. ఊరికే, ఒక కొలత కోసం" అంది. మొదటి పూట చెయ్యి మొరాయించింది, నూకరత్నం విసుక్కుంది. మర్నాటి మధ్యాహ్నానికి మగ్గం మళ్లీ పాత పాట అందుకుంది. నాడె అటూ ఇటూ నీళ్లలో చేపలా పోతోంది. నాగవేణి మొహం వెలిగిపోయింది.

"చూశారా మేడంగారూ, నాకు నయమైపోయింది!"

సింధూర చీరని చూడలేదు, వాళ్ల వీపుల్ని చూస్తోంది. ఇద్దరూ భుజం భుజం ఆనుకుని కూర్చుని ఉన్నారు. నూకరత్నం నాడె విసిరే ముందు, చెయ్యి కదలక ముందే, ఆమె ఒళ్లు కొంచెం కుడికి ఒరుగుతోంది. చెయ్యి ఆలస్యం చేస్తుందని తెలిసి ఒళ్లు ముందే బయల్దేరుతోంది. ఆమె అలా ఒరిగినప్పుడు ఎడమ భుజం పైకి లేచి నాగవేణి భుజాన్ని రాసుకుంటోంది. ఆ రాపిడి తగలగానే నాగవేణి చెయ్యి చాస్తోంది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

"ఒక్కసారి ఇద్దరూ కొంచెం ఎడంగా జరిగి కూర్చోండి. మధ్యలో జానెడు చోటు వదలండి" అంది సింధూర.

జరిగారు. నూకరత్నం నాడె విసిరింది. అదే పాత చెయ్యి, అదే పాత ఆలస్యం. నాడె నాగవేణి చేతిని దాటి వెళ్లి గోతిలో పడింది. మళ్లీ విసిరింది, మళ్లీ పడింది. దగ్గరకి జరగమంది సింధూర. భుజాలు ఆనుకున్నాయి, నాడె అందింది.

సింధూరకి అప్పుడు అర్థమైంది. కొత్త చెయ్యికి ఆలస్యం లేదు కాబట్టి ఒరగాల్సిన పని లేదు. వారం తిరక్కుండా నూకరత్నం ఒళ్లు ఆ అలవాటుని వదిలేసింది. నాగవేణికి తగిలే భుజం తగలడం మానేసింది. దీని మీద ఆధారపడినవి ఏవీ లేవు అని చెప్పిన కంప్యూటర్ అబద్ధమాడలేదు. తన ఇంట్లో ఉన్నవాళ్ల గురించే అది చెప్పగలదు. దాని మీద నూకరత్నం ఒళ్లు ఆధారపడింది, ఆ ఒంటి మీద ఇంకో ఆడమనిషి ఆధారపడింది, ఆమె మీద ఒక కాపురం ఈ ఊళ్లో నిలబడింది. అనాథ అని తీసిపారేసినదానికి ఇంత బలగం ఉంది.

భుజంగరావు గారు అంతా విన్నారు. తరవాత, "ఆ ఆలస్యం నా చేతకానితనం సింధూరా. అప్పట్లో అంతకంటే తొందరగా వడగట్టడం నాకు రాలేదు. నా చేతకానితనం మీద వాళ్లు ఇంత కట్టుకున్నారా?" అన్నారు.

"పాతదాన్ని తిరిగి పెడదామండీ."

"పిడికిలి బిగుసుకుపోయేదాన్నా? ఆ మగ్గం గోతిలో ఆమె వేళ్లు ఇరుక్కుంటే? ముందు నుయ్యి, వెనక గొయ్యి."

"మొత్తం పాతది కాదు. ఆ ఒక్క వడపోత. వేరు పొయ్యి పెడదాం."

ఇల్లంతా కొత్త లైనక్స్. ఒక మూల మాత్రం చిన్న గది కట్టి, అందులో పాత లైబ్రరీని, అది బతకడానికి కావలసిన రెండు మూడు పాత సామాన్లనీ పెట్టాలి. వాటి ఎంగిలి ఇంట్లోకి రాకూడదు, ఇంటి కొత్తదనం వాటికి తగలకూడదు. నరాల కబురు వడగట్టేటప్పుడు మాత్రం చెయ్యి ఆ గది తలుపు తట్టాలి. ఒకవేళ ఎప్పుడైనా ఆ తలుపు తెరుచుకోకపోతే? చెయ్యి ఆగిపోకూడదు కదా. అప్పుడు చప్పుడు చెయ్యకుండా కొత్త వడపోతనే వాడుకునేలా రాసింది సింధూర. ఆ జాగ్రత్త ఆమెకి గర్వంగా అనిపించింది కూడా.

"కొత్త అప్‌గ్రేడ్ వచ్చినప్పుడల్లా ఆ గదిని మళ్లీ కట్టాలి. ఎవరు కడతారు?" అడిగారు భుజంగరావు గారు.

"నేనే."

"ఇంకోటి. మగ్గం మీద నెమ్మది, మిగతా చోట వేగం అని రోజుకి రెండుసార్లు మార్చడం కుదరదు. ఒంటికి ఏది నమ్మాలో తెలియకుండా పోతుంది. ఒకసారి నెమ్మది అంటే రోజంతా నెమ్మదే. ఆమెని అడిగే చెయ్యి."

నూకరత్నాన్ని కాకినాడ పిలిపించి, ఒంటరిగా కూర్చోబెట్టి, చెయ్యి మళ్లీ నెమ్మదిస్తేనే నేత కుదురుతుందని చెప్పింది సింధూర. తెలిస్తే ఒళ్లు తడబడుతుందని భుజం సంగతి మాత్రం ఎత్తలేదు. చెప్పడం కష్టమైంది. దొర్లే గోళీని పట్టుకున్న చెయ్యిని వదులుకోమనడానికి నోరు రావాలి కదా.

నూకరత్నం చేతిని తిప్పి తిప్పి చూసుకుంది. "అంటే నా జడ మళ్లీ నేనేసుకోలేనన్నమాట."

"ఇష్టం లేకపోతే వద్దు నూకరత్నం గారూ. ఎవరూ బలవంతం చెయ్యరు. ఇది మీ చెయ్యి."

"ఈ నెల్లాళ్లూ పోయిన చెయ్యి తిరిగొచ్చినట్టుందండి. రాత్రి పూట దీన్ని పక్కనెట్టుకుని మురిసిపోయేదాన్ని." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. "అయినా నాగవేణి సూరత్ పోతే ఈ చేత్తో నేనెవరికి నాడె ఇసరనండి? పెట్టెయ్యండి ఆ పాతది. దానికి మాత్రం చెప్పకండి. నా వల్ల అక్క చెయ్యి నెమ్మదించిందని తెలిసిందో, ఆ రోజే రైలెక్కేత్తాది. దానికి రోషం ఎక్కువ. నరాలకి ఒత్తిడైందని, మీరే తగ్గించారని నేను చెప్పుకుంటాను."

అలాగే చెప్పుకుంది. మగ్గం మళ్లీ పాత పాట పాడింది. ఆకుపచ్చ చీర పూర్తయింది, తరవాత ఇంకోటి, ఇంకోటి. నాగవేణి భర్త ఒక్కడే సూరత్ వెళ్లి, తిండి పడక మూడు నెలలకే తిరిగొచ్చి, పడవల రేవులో పనికి కుదురుకున్నాడు.

ఏడాది తిరిగాక లైనక్స్‌కి ఇంకో పెద్ద మార్పు వచ్చింది. సింధూర అన్ని చేతులకీ జాగ్రత్తగా ఎక్కించింది. నూకరత్నం చేతిలోని చిన్న గదిని కూడా మళ్లీ కట్టింది. పరీక్షలన్నీ నెగ్గినట్టే చూపించాయి. రెండు మూడు నెలల తరవాత వేరే పని మీద ఆ చెయ్యి పంపిన వివరాలు తిరగేస్తుంటే, ఒక చోట చూపు ఆగిపోయింది. పాత వడపోత ఒక్కసారి కూడా పనిచెయ్యలేదు. కొత్త ఇంట్లో ఆ గదికి దారి మారింది. చెయ్యి తలుపు తడుతోంది, తలుపు దొరకడం లేదు, చప్పుడు చెయ్యకుండా కొత్త వడపోతకి మారిపోతోంది. గర్వపడి రాసుకున్న జాగ్రత్తే తనని మోసం చేసింది. ఇన్నాళ్లుగా నూకరత్నం చెయ్యి వేగంగానే ఉంది.

బస్సులో కూర్చున్నంతసేపూ సింధూర కళ్ల ముందు చిట్లిన గోళ్లు, సూరత్ రైలు కనిపించాయి. ఎందుకు ఫోన్ చెయ్యలేదు వాళ్లు? వెళ్లిపోయిందా నాగవేణి?

వీధి మొగలోనే మగ్గం చప్పుడు వినిపించింది. వాళ్ల మగ్గమే. అడుగు తేలికపడి, వాకిట్లోకి వెళ్లేసరికి చప్పుడు ఆగింది. నేత ఆపి ఇద్దరూ అరుగు మీదకి వచ్చారు. నూకరత్నం మెట్టు మీద కూర్చుంటే, నాగవేణి వెనకాల నిలబడి చిక్కు తీసి జడ వేస్తోంది.

"రండి మేడంగారూ! అక్క తల చూడండి, ఇంత పొద్దెక్కినా జడ లేదు. నేను లేపోతే ఈవిడ గతేం కానండి?" అంది నాగవేణి, నోట్లో పిన్నులతోనే.

"దిక్కులేని గతే" అంది నూకరత్నం బుద్ధిగా.

సింధూర ఆ చేతిని చూసింది. ఒళ్లో కదలకుండా ఉంది. ఈ మూడు నెలలూ ఆ చేత్తో నూకరత్నం తన జడ తనే వేసుకోగలిగేది.

జడ ముగించి, టీ పెట్టడానికి నాగవేణి లోపలికి వెళ్లింది. సింధూర పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "నూకరత్నం గారూ, తప్పు జరిగింది. పోయినసారి నేను మార్చినప్పటినుంచి మీ చెయ్యి..."

"తెలుసండి. ఆ మర్నాడే తెలిసింది. గోడ మీంచి పడబోయిన చెంబు పట్టేసుకున్నాను." ఆమె వంటింటి వైపు ఒకసారి చూసింది. "నాడె ఇసిరితే మళ్లీ దాని ఏలికి తగిలింది. అప్పుడు గేపకం తెచ్చుకున్నాను. మీరు ఆవేళ ఎడంగా కూచోమన్నారు సూడండి. నాకు సెప్పలేదు గానీ, నేను సూత్తానే ఉన్నాను. ఏదో నా భుజంలో ఉందని తెలిసింది. ఇంక నేనే ఒరగడం మొదలెట్టాను. ఒరిగి, దాని భుజానికి తగిలాకే చెయ్యి వదులుతాను."

"ప్రతిసారీనా? రోజంతా?"

"రోజంతానేనండి."

"భుజం నొప్పి పుట్టదూ?"

"పుట్టకేం. సాయంత్రానికి పీకేత్తాది. తైలం రాయించుకుంటాను, దాంతోనే."

సింధూర సంచిలోంచి కంప్యూటర్ తీసింది. "ఇప్పుడే సరిచేస్తాను. అరగంట పట్టదు. మీరు కష్టపడక్కర్లేదు, చెయ్యే చూసుకుంటుంది."

నూకరత్నం ఆసరా చేతిని చాచి, ఆ కంప్యూటర్ మూతని మెల్లగా మూసేసింది.

"ఒద్దండి. మీరు మంచోరే, జాగర్తగానే చేత్తారు. కానీ అది మళ్లీ ఎప్పుడు ఊడుద్దో మీకే తెలీదు. నా భుజం నా దగ్గరే ఉంటాది."

నాగవేణి టీ గ్లాసులతో వచ్చింది. సింధూర టీ తాగింది, కంప్యూటర్‌ని సంచిలో పెట్టేసుకుంది. చెయ్యి ఎలా ఉందని నాగవేణి అడిగితే బాగానే ఉందని చెప్పింది. నాగవేణి తృప్తిగా తలాడించి, "నెమ్మదైతేనేమండి, నమ్మకమైన చెయ్యి" అంది.

ఇద్దరూ మళ్లీ మగ్గం గోతిలోకి దిగి భుజాలు ఆనించుకుని కూర్చున్నారు. సింధూర వెంటనే బయల్దేరలేదు. గుమ్మం దగ్గర నిలబడి కళ్లు మూసుకుని విన్నది. నూకరత్నం ఒరిగినప్పుడు పీట కిర్రుమనే చప్పుడు, దాని వెనక నాడె చప్పుడు. రెంటి మధ్య రెప్పపాటు ఆలస్యం ఉంది. భుజంగరావు గారికి అప్పట్లో తీసెయ్యడం చేతకానిది, తను ఒక మీటతో తీసేసింది, అదే ఆలస్యం. ఇప్పుడది ఏ లైబ్రరీలోనూ లేదు.